మణికట్టులో ఎన్ని ఎముకలు

ఇబ్రహీంపట్నంలో ఒక ఎక్స్‌రే గది. నలభై ఏళ్లుగా తన ఊళ్లో విరిగిన చేతులకు కట్లు కడుతున్న హాషం, వాచిన మణికట్టుతో లోపలికి వచ్చాడు. ఎక్స్‌రే తీసే అమ్మాయిదీ అతని ఊరే.

"తాతా, నువ్వు గిక్కడికొచ్చినవా! నీ కోడిగుడ్డు కట్టు ఏమైంది?"

"మెల్లగ, బిడ్డా. బయట మనోళ్లున్నరు. తెలిస్తే నా దగ్గరికి ఇంకెవ్వరొస్తరు?"

"నేనెవ్వరికి చెప్ప. చెయ్యి ఇట్ల పెట్టు. కదలకు."

"విరిగిందా?"

"అవ్. బొటనవేలి కిందిది. ఇగో, తెర మీద చూడు."

"దాని పక్కన గులకరాళ్ల లెక్క ఏందవి?"

"అన్నీ ఎముకలే. మణికట్టుల ఎనిమిదుంటయ్."

"ఎనిమిదా?"

"నువ్వెన్ననుకున్నవ్?"

"ఒక్కటే అనుకున్న. గట్లనే గుంజి కట్టిన, అందరికి."

ఆమె అతని చెయ్యి మెల్లగా కిందికి దించింది.

"మీ అమ్మకు గూడ నేనే కడితి. నిజం చెప్పు, ఆ చెయ్యి మంచిగనే ఉన్నదా?"

"రొట్టె కొట్ట వస్తలేదు, తాతా. మా నాయిననే కొడ్తడు."

"మొన్న ఆ చేత్తోనే నాకు చాయ్ ఇచ్చె గదా!"

"నువ్వొస్తే ఆ చేత్తోనే ఇస్తది. నీకు తెల్వొద్దని."