సీసాలో ఎండిన రెక్కలు

నిజాం ఏలుబడిలో ఓ ఉదయం, కేతేపల్లి దగ్గర మూసీ ఒడ్డు. ఏటి పురుగులను పరిశీలించడానికి పట్నం నుంచి వచ్చి అక్కడ గుడారం వేసుకున్న పురుగుల పంతులు మోత్కూర్ నుంచి అప్పుడే బండి దిగాడు. ఆయన కుండలకూ సీసాలకూ కావలి ఉన్న బిక్షమ్మ గుంజను ఆనుకుని నిలబడింది. మాట వినిపిస్తోంది గాని, ఆయన ముఖం ఆమెకు సరిగా ఆనడం లేదు.

"బిక్షమ్మా, గీ సీసల పురుగు కుళ్లకుండ పోసిన మందేది?"

"ఒంపిన పంతులూ."

"ఒంపినవా? పురుగు ఎండిపొయ్యి పొట్టైంది గద!"

"ఎండింది."

"ఎండిందంటవా? పొయ్యేటప్పుడు ఏం చెప్పిన నీకు? కుండల పురుగు పిల్లకు రెక్కలొస్తె..."

"రెక్కలొస్తె సీసల ఎయ్యాలె. ఏసిన."

"వచ్చినయా? నువ్వు చూసినవా? కండ్లార?"

"సూసిన. నీళ్ల మీదికొచ్చి ఈపు పగిలింది. మబ్బు రంగు రెక్కలు. కుండకు కట్టిన బట్టను పట్టుకొని మల్లొక పొర ఇడిసింది. అప్పుడు అద్దం లెక్కైనయి. మా అత్త నవ్వింది, కన్నపిల్లను ఇడిసి కుండల పిల్లకు కావలున్నవా అని."

"నవ్వనీ, నవ్వనీ. గదే నాకు కావాల్సింది!"

"ఉసిళ్ల కోసం గింత ఆరాటమేంది పంతులూ."

"ఉసిళ్లు గావు. ఉసిళ్లు పుట్టలకెల్లి వస్తయి, ఇవి ఏటి నీళ్లల్ల పెరుగుతయి. రెక్కలదాన్ని చూసి ఒక దొర ఒక పేరు పెట్టిండు. నీళ్లల్ల పిల్లను చూసి ఇంకో దొర ఇంకో పేరు పెట్టిండు. మొన్న ఇంకొకాయన ఏకంగ దాని ఇంటిపేరే మార్చిండు. రెండూ ఒకటేనని నా అనుమానం. గీ మూసీల ఎన్ని తీర్లున్నయో, గా కృష్ణల ఎన్నున్నయో ఇంతదనక ఎవ్వలూ చూడలే. గీ పిల్లల నుంచి గీ పురుగే వచ్చిందని చూపెడితె..."

"సూపెడితె?"

"పేరు ఖాయమైతది."

"పేరు."

"అవ్, పేరు. అంత కష్టపడి చూసినవ్, మందెందుకు ఒంపినవ్ తల్లీ?"

"దవాఖాన వాసనొచ్చింది."

"ఏంది?"

"గా మందు. దవాఖాన వాసనొచ్చింది. పిల్లకు జరం దిగుతలేదు. ఒళ్లంత రాసిన."

"ఏ పిల్లకు?"

"మా పిల్లకు. మీరు పొయ్యేనాడు సెప్పిన గద, బండిల నల్లగొండ దవాఖానకు పంపుండ్రి అని. మోత్కూర్ వాగుల పురుగులు లేసే యాళ్లైంది, వచ్చినంక సూద్దామంటిరి."

"అన్న... అన్న. అవి లేచేది ఒక్క పూటనే బిక్షమ్మా, గా పూట తప్పితె మల్ల ఏడాది... సరే. ఇప్పుడెట్లుంది? రాస్తె జరం దిగిందా?"

"దిగింది."

"హమ్మయ్య. పురుగు పోతె పాయె, వచ్చే ఏడు చూస్కుందాం. పిల్ల పాలు తాగుతున్నదా?"

"గా పురుగుకు నోరే ఉండదంటిరి గద?"

"నోరున్నా పనికిరాదు. ఒక్క దినం బతుకుకు తిండెందుకు? నేనడిగేది పిల్లను. తాగుతున్నదా?"

"రాత్రి నుంచి మూతి తెరువలే."

"తెరువలేదా! చెప్పవేంది మరి? ఎద్దులను ఇంకా ఇప్పలే. ఉరుకు, మీ ఆయన మైసయ్యను పిలువు. నల్లగొండకు నేనే తోల్కపోత."

"ఆయిన ఇంట్ల లేడు."

"యాడికి పోయిండు?"

"పొద్దుగాల్నే పొయ్యిండు."

"మరి పిల్ల కాడెవ్వలున్నరు?"

"ఆయిననే."

"ఇంట్ల లేడంటివి! పిల్లను తీస్కరాపో, బండి తయారుగున్నది. గట్ల నిలబడ్డవేంది?"

"బండెందుకు పంతులూ. పసిగుడ్డుకు పాడె గూడ కట్టరు. సేతుల మీదనే పట్టుకపొయ్యిండు."