ఏమీ కలపని గిన్నె

పంతొమ్మిది వందల తొంభై మూడు జూలై ఐదవ తేదీన మన జలపరిశోధన కేంద్రంలో ప్రయోగశాల సహాయకురాలిగా అడుగుపెట్టి, ముప్పై ఒక్క సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న, మనమందరం ఆకులమ్మగారని ఆప్యాయంగా పిలుచుకునే సహోద్యోగినికి ఈ అభినందన సమర్పితం.

తొలి పదేళ్లూ గిన్నెలు కడగడంతోనే గడిచినా, నీటిపై తేలే మినపగింజంత ఆకుమొక్కలను భూతద్దంతో లెక్కించడంలో వారికి సాటి లేదు. "మా అమ్మ బఠానీలు ఒలిచినా లెక్క చెప్పందే పొయ్యి మీద పెట్టదు" అని వారి అమ్మాయి నవ్వుతుంది.

రెండువేల తొమ్మిదిలో, రంగులలోనూ లేపనాలలోనూ వాడే జింక్ ఆక్సైడ్ నానో రేణువులు నీటిమొక్కలకు చేసే హానిని నిర్ధారించే బాధ్యత వారిపై పడింది. రేణువులు కలిపిన గిన్నెలలో వేళ్లు కురచబారాయి, ఆకులు పాలిపోయాయి, అది ఊహించినదే. కానీ పోలిక కోసం ఏమీ కలపకుండా, మన వెనుక కుంట నీటితో నింపిన గిన్నెలోనూ మొక్కలు చనిపోయాయి. మూడుసార్లు గిన్నెలు మార్చినా ఫలితం మారలేదు. నాటి విభాగాధిపతి, అనగా ఈ వ్యాసకర్త, మండిపడ్డాడు.

"గిన్నె సరిగ్గా కడగలేదు, అంతే. అందులోవి బతికాయనే రాయండి."

"కడిగానండీ. కావాలంటే ఇంకోసారి లెక్కపెడతాను. చచ్చినవాటిని బతికాయని మాత్రం రాయలేను."

వారి సర్వీసు ఫైలులో "అజాగ్రత్త" అని చేరింది. రావలసిన పదోన్నతి రెండుసార్లు తప్పిపోయింది. వారు మాత్రం రోజూ ఆకులు లెక్కిస్తూనే ఉన్నారు.

ఆరేళ్లకు కుంటపై పచ్చదనం కొద్దికొద్దిగా తరిగి పూర్తిగా అంతరించాక తవ్వి చూస్తే, పక్క విభాగంలో ఆ రేణువులనే తయారుచేసి కడిగిన నీరు, పగిలిన గొట్టం గుండా ఏళ్ల తరబడి కుంటలోకి చేరుతోంది. శుద్ధజలమని మనం ముంచుకున్నది విషాన్నే. గొట్టం బాగుపడింది. ఫైలులోని మాట అలాగే ఉండిపోయింది. దిద్దించడానికి ఈ వ్యాసకర్తకు ముఖం చెల్లలేదు.

గత వారం, గిన్నెలు కడిగే తొట్టి దగ్గర, ఎట్టకేలకు ఈ వ్యాసకర్తకు నోరు పెగిలింది.

"తప్పు నాదేనమ్మా. క్షమించండి."

"నాతో చెప్తే ఏం లాభమండీ? రాసింది మీరు. రాసి దిద్దండి."

గడువు దాటిందని కార్యాలయం ఫైలు ముట్టనివ్వలేదు. కనుక వారి కుటుంబమూ మనమందరమూ చదివే ఈ సంచికలోనే రాయడమైనది: ఆ అజాగ్రత్త ఈ వ్యాసకర్తది, వారిది కాదు. ఆలస్యమైన ఈ వాక్యం పోయిన ఏళ్లను తిరిగి ఇవ్వదని అతనికి తెలుసు.

గత సోమవారం కుంటలో వారు చివరిసారి లెక్కించిన ఆకుల సంఖ్య సున్న. ఆ సున్న ఒకటయ్యే రోజును తమ కళ్లతో చూసి, తమ చేతితోనే నమోదు చేసేందుకు, ఆకులమ్మగారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా వేడుకోలు.