వంక ఎంబడి పోయిన బడి

ఓబులమ్మ అని ఒకామె ఉండె, తుమ్మలోనిపల్లెలో. వాల్ల నాయన ఆ ఊరికి అయివారు. నాయన పోతానే పిల్లోల్లకు చదువు చెప్పేదానికి ఇంకెవురూ లేరని ఊరోల్లే ఇంటికి పొయ్యి, అమ్మా, నీకూ చదువొచ్చు గదా, మీ నాయన బడి నువ్వే నడుపు అని అడిగినారంట. వాల్లే అడిగినారు, ఆ మాట మరిచిపోవాకండి. ఆయమ్మ పొయ్యి ఎవురి కాల్లూ పట్టుకోలేదు. సరే అనింది. బడి అంటే ఏముండాది, బోదగడ్డి కప్పిన ఒక కొట్టం. లోపల చీకటి, ఎండాకాలమైతే పిల్లోల్లు ఉడికిపోతారు. పలక మింద కాకి అని రాసి ఇదేందిరా అంటే అందరూ కాకీ అని అరుస్తారు. బయట చూరు మింద కూసున్న కాకి ముక్కున ఏం పట్టుకోనుండాదో ఒక్కనికీ తెల్దు. ఇదేం చదువబ్బా అనుకోని, లెయ్యండి అని అందర్నీ తోలుకోని గుట్టకు పొయ్యిందంట.

ఇంగ అప్పుటినుంచీ బడి అంటే గుట్టే అనుకో. అక్షరాలు వంకలో ఇసక మింద ఏలితో రాపిస్తుంది. కూడికలు రేగ్గాయలతో చెప్పిస్తుంది, తప్పు చెప్పినోడు కాయ పక్కోనికి ఇచ్చెయ్యాల. చీమలు గుడ్లు మోసుకోని యాడికి పోతాండాయి, నక్క అడుగు ఎట్లుంటాది, కుక్క అడుగు ఎట్లుంటాది, తేనెటీగ ఏ పువ్వుమింద ముందు వాలుతుంది, ఇవన్నీ ఆయమ్మ నోటితో చెప్పదంట. ఎవురేమడిగినా పొయ్యి చూద్దాం పాండి అంటుంది, అంతే. మునుపు బడి అంటే గాదెల ఎనక దాంకునే పిల్లోల్లు ఇప్పుడు సద్ది మూట కట్టుకోని అమ్మలకంటే ముందు నిద్ర లేస్తాండ్రి. చావిట్లో కూసున్న పెద్దమణుసులు మాత్రం, మేకల్ని మేపినట్ల పిల్లోల్లను మేపుతాండాది ఈమె అని నవ్వుకుంటాండ్రంట. నవ్వుతారు, నవ్వక. ఎండలో తిరిగేది వాల్లు గాదు గదా.

ఏమైందంటే, ఒక యేడు వానలు బాగానే పడినాయి గానీ ఊరి పక్కన పారే వంక సన్నబడిపొయ్యింది. ఆడోల్లు ఇసకలో చెలిమలు తవ్వి, చిప్పలతో తోడి కడవలు నింపుకుంటాండారు. పెద్దమణుసుల్ని అడిగితే అంతా గంగమ్మ ఇష్టం అనిరి. మంగి అని ఒక పాప ఉండాది బల్లో, కోనప్ప మనమరాలు. కోనప్ప అంటే ఆ ఊర్లో మోతుబరి. ఆయప్ప కూసుంటే గానీ చావిట్లో ఇంకొకడు కూసోడు. ఆ మంగి అడిగిందంట, అమ్మా, వానొచ్చింది గదా, మరి నీల్లు యాడికి పోయినాయి అని. ఇంకో అయివారైతే నోరు మూసుకోని ఎక్కాలు చదువు అనును. ఓబులమ్మ, పాండి, పొయ్యి చూద్దాం అనింది. వంక ఎంబడే పైకి పోయినారు అందరూ. పొయ్యి పొయ్యి చూస్తే ఏముండాది, వంకకు అడ్డంగా రాల్లూ మన్నూ ఏసి గోడ మాదిరి కట్ట. కట్టకు ఆపక్క మడుగు మాదిరి నీల్లు. మడుగులోనుంచి కొత్తగా కాలవ తవ్వి, తిన్నగా కోనప్ప చీనీకాయల తోటలోకి.

ఓబులమ్మ ఆ కాలవనే చూస్తా నిలబడిపొయ్యింది. ఆ చూస్తాండే దాంట్లోనే మంగి చాపల్ని చూస్తానని కట్ట ఎక్కింది, రాయి జారింది, కిందపడింది, చెయ్యి ఇరిగింది. ఆయమ్మ పరిగెత్తుకోని వచ్చింది. కొంగు చించి, వెదురు బద్దలు పెట్టి చెయ్యి కట్టి, బిడ్డను ఈపున ఏసుకోని దిగింది గుట్ట. బిడ్డ ఏడిస్తే తానూ ఏడుస్తా దిగిందంట. మంగి వాల్లమ్మ అయివారమ్మకు మజ్జిగిచ్చి కూసోబెట్టింది. కోనప్ప వచ్చి యాడ పడింది అన్యాడు. వంక పైన అని ఓబులమ్మ అనేసరికి ఆయప్ప మొగం మారిపొయ్యింది. అట్లే బయటికి పొయ్యి, తెల్లారి చావిట్లో పంచాయితీ పెట్టించినాడు.

ఊరంతా వచ్చింది. ఆడోల్లు కడవలు పట్టుకోనే వచ్చినారు. కోనప్ప లేచి, చదువు చెప్పమంటే బిడ్డల్ని గుట్టలెంట తిప్పి చంపుతాండాది, ఈమెకు బడి వద్దు అన్యాడు. ఓబులమ్మ, అయ్యా, వంకకు అడ్డంగా అనబోతే, వీరన్న అని ఇంకో పెద్దమణిసి, అడిగిందానికి చెప్పమ్మా, బిడ్డ నీ దగ్గరున్నప్పుడే పడిందా లేదా అన్యాడు. పడింది అనింది. మల్లా వంక అంటే మల్లా ఆపినాడు. ఆ చెవులు దేనికో, కమ్మలు పెట్టుకునేదానికా? కోనప్ప అంతటితో ఊరుకుండుంటే ఆయప్ప గెలిచినట్లే. ఊరుకోలేదు. మంగిని పిలిపించి నడిమిట్ల నిలబెట్టి, చెప్పుమ్మా, ఆమె నిన్ను ఎట్ల పడేసిందో అన్యాడు.

"ఆయమ్మ పడెయ్యలేదు తాతా, నేనే ఎక్కినా. నువ్వు వంకకు కట్ట కట్టించినావు గదా, దాని మింద రాయి జారింది."

ఎనకనుంచి ఒకామె కడవ కింద పెట్టి, ఏం కట్టమ్మా అని అడిగింది. బిడ్డ సంబరంగా చెప్పింది, నీల్లన్నీ మా తోటకే వస్తాండాయి, పెద్ద పెద్ద చాపలు గూడా ఉండాయి అని. దానికేం తెలుసు పాపం. ఊరోల్లు లేచినారు, గడ్డపారలు తీసుకోని పొయ్యి కట్ట తెంపినారు, పొద్దు గుంకే లోపల వంక నిండా నీల్లు.

ఇంగ తీర్పు వినండి. కోనప్పకు ఏమీ లేదు. తోట ఎండిపోతాంటే ఏదో చేసినాడు, పెద్దమణిసి, పొరపాటు అనిరి. ఓబులమ్మకు మాత్రం, రేపటినుంచీ కొట్టంలో తలుపేసి చెప్తే చెప్పు, లేకుంటే బడి లేదు అనిరి. ఆయమ్మ లేచి నిలబడిందంట.

"బిడ్డ చెయ్యి ఇరిగింది నా తప్పే. చూసుకోవాల్సింది, చూసుకోలేదు. దానికి ఏ శిచ్చైనా ఎయ్యండి. మేము పైకి పోకుంటే ఈ నీల్లు యాడనుంచి వచ్చును, అది చెప్పన్నా."

వీరన్న నేల చూసుకుంటా, "అది వేరే మాటమ్మా" అన్యాడు.

అది వేరే మాటంట. నీల్లు కావాల, నీల్లు చూపిచ్చిన కండ్లు వద్దంట. నాకైతే కతలో ఈడికొచ్చినప్పుడల్లా కడుపు మండుతుంది. ఆయమ్మ తట్టా బుట్టా సర్దుకోని గుట్టకవతల మేనమామ ఊరికి పొయ్యి, ఆడ పిల్లోల్లను తోలుకోని తిరగబట్టింది. తుమ్మలోనిపల్లెకు బెత్తం పట్టుకోని కొత్త అయివారొచ్చినాడు. మరుసటేడు వంక మల్లా సన్నబడింది. కొట్టంలో పిల్లోల్లు, నదులు కొండలలో పుట్టును అని గొంతులు పోయేట్ల చదువుతాండారు, బయట వాల్లమ్మలు చెలిమలు తవ్వుతాండారు. అప్పుడు పెద్దమణుసులు ఓబులమ్మ దగ్గరికి పోయినారు, నీల్లు యాడికి పోయినాయో ఒక తూరి వచ్చి చూడమ్మా అని. వాల్లకు తెల్దనుకున్యారా? మల్లా కట్ట లేచిందని బాగా తెలుసు. కోనప్పకు చెప్పే దైర్నం లేదు, ఎవురో ఒక చిన్నబిడ్డ నోటితో చెప్పించాల.

"బడి గుట్టకు రానిస్తే పిల్లోల్లతో నేనూ వస్తా, పొయ్యి చూద్దాం" అనిందంట ఓబులమ్మ. వాల్లు ఒకరి మొగాలు ఒకరు చూసుకోని, ఇచ్చిన మజ్జిగ తాగి, ఎనక్కి వచ్చేసినారు. మంగిని మాత్రం వాల్లమ్మ మామ కోనప్పకు చెప్పకుండా ఓబులమ్మ దగ్గరికే పంపిచ్చింది, చదువుకో పో అని.

కతలన్నీ కంచికి పోతాయంటారు. ఇది పోలేదబ్బా. నీల్లతోపాటు కోనప్ప తోటకే పొయ్యింది, ఇంకా ఆడనే ఉండాది.