ఎండుచేపల సంఘాన్ని నిలబెట్టిన సుహాసిని గారు

1984 ఫిబ్రవరి 6వ తేదీన శ్రీకాకుళం జిల్లా సహకార కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా విధుల్లో చేరిన శ్రీమతి సుహాసిని గారు, ఈ 2018 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఎదుటివారి మాట పూర్తయ్యాక కూడా కాసేపు ఆగటం ఆవిడకు తొలినుంచీ అలవాటు. ఆ మౌనాన్ని భరించలేక మాలో చాలామంది చెప్పకూడదనుకున్నవి కూడా చెప్పేసేవాళ్ళం.

పదోన్నతిపై ఇన్‌స్పెక్టరై పాల సంఘాలనూ చేనేత సంఘాలనూ కొన్నేళ్ళు పర్యవేక్షించాక, 2012లో కళింగపట్నం మత్స్యకార మహిళలతో ఎండుచేపల సంఘం ప్రారంభించే బాధ్యత ఆవిడకు అప్పగించారు. అంతవరకూ ఎవరి ఇంటి ముందు వారు ఇసుకలో నెత్తళ్ళ వంటి చిన్నచేపలు ఎండబెట్టుకునేవారు. సంఘం తరఫున అందరూ కలిసి పచ్చిచేపలు కొని, ఒడ్డున వల పరిచిన వెదురు బల్లల మీద శుభ్రంగా ఎండబెట్టి, కలిసి అమ్మాలన్నది ఏర్పాటు. వాన వస్తే బల్లల మీద బరకాలు కప్పడానికి వంతులు కూడా వేశారు.

మరుసటి ఏడాది వానాకాలంలో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. వంతు ఉన్నవాళ్ళతో సహా అందరూ ఇళ్ళ ముందు ఇంకా విడిగా ఆరబోసుకుంటున్న సొంత చేపల కోసం పరుగెత్తారు. సంఘం సరుకంతా తడిసి పురుగుపట్టింది. అలా జరగటం అది మూడోసారి. ఇంకోసారి జరిగితే సంఘాన్ని మూసివేయమని సిఫారసు రాయవలసింది సుహాసిని గారే. వంతుల పద్ధతి మంచిదేననీ, మనుషులే సరిగా లేరనీ అనుకోవటం ఎంత సులువో ఆవిడకు ఆ రోజు తెలిసింది. అలా అనుకోకుండా ఉండటానికి కష్టపడ్డారు.

సంఘ సమావేశంలో అధ్యక్షురాలు అసిరమ్మ గారు ముందే అందుకున్నారు. "ఒసే కూర్మమ్మా, వంతు నీదే కదే. బల్లలొగ్గేసి కొంపకెందుకు పరిగెట్టినావు? నీ సేపలు నీకు బంగారమేటి?"

"నా సేపలెక్కడున్నాయే అప్పా, అయ్యీ తడిసిపోనాయి" అంది కూర్మమ్మ. "మా తోటికోడలు జగ్గమ్మ శ్రీకూర్మం ఎల్తా దాని సేపలు నాకప్పగించింది. ముందు ఆటి మీద బరకం కప్పినాను."

"నీయి వొగ్గేసి దానియి కప్పినావా? ఏటి పిల్లా, అంత పేమా?"

"పేమేటి పేమ. నాయి తడిస్తే నేనేడుస్తాను, అక్కడితో సరి. దానియి తడిస్తే అది బతికున్నంతకాలం ఎత్తిపొడుస్తాది. దాని నోటికి నేనాగగల్నా?"

జగ్గమ్మతో సహా అందరూ నవ్వారు. సుహాసిని గారు మాత్రం ఆ మాటనే పట్టుకుని ఆలోచించారు. అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతోంది. సొంతది పోతే మనిషి తనను తాను క్షమించుకుంటుంది. అయినవాళ్ళు అప్పగించినదాన్ని మాత్రం పోనివ్వదు. ఆ భయంలో ఎంత ఆప్యాయత ఉందో, ఆ ఆప్యాయతలో ఎంత భయం ఉందో విడదీసి చూడవలసిన అవసరం ఆవిడకు కనిపించలేదు.

వంతులు రద్దయ్యాయి. కొనటం, అమ్మటం ఉమ్మడిగానే ఉంచి, ఒక్కో బల్లను ఒక్కో సభ్యురాలి పేర రాసి, దానికి కాపలా మాత్రం మరొకరికి, వదినకో తోటికోడలికో అప్పగించారు. ఎవరి బల్లను వారు కాయకూడదన్నదే నియమం. అలాంటి నియమావళి ఎక్కడా లేదని మా కార్యాలయంలో కొందరం అభ్యంతరం చెప్పాం. తర్వాతి మబ్బుకు ఆడవాళ్ళందరూ ఒడ్డుకే పరుగెత్తారు. తిట్లు విజయనగరం దాకా వినిపించి ఉంటాయి గానీ, ఒక్క బల్లా తడవలేదు. సిఫారసు రాయవలసిన అవసరం రాలేదు. నేడు ఆ సంఘం సొంత గిడ్డంగిలో నడుస్తోంది.

అయితే అప్పగించటం ఇతరులకు నేర్పినంత తేలికగా ఆవిడకు పట్టుబడలేదు. గత నెల గిడ్డంగిలో కూర్చుని చివరి లెక్కలు చూస్తుండగా ఉరిమింది. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా బల్లల వైపు బయలుదేరారు. కూర్మమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"మీరు కూకోండి మేడం గోరూ. మబ్బు మాది."

ఆవిడ కూర్చున్నారట. ఉద్యోగ జీవితంలో తనకు అన్నిటికన్నా కష్టమైన పని అదేనని మాతో చెప్పారు.

శ్రీమతి సుహాసిని గారు భర్త భాస్కర్ గారితో కలిసి విజయనగరంలో సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం జీవించాలనీ, రాబోయే వానలన్నిటినీ వరండాలో కూర్చుని నిశ్చింతగా చూడాలనీ మా కార్యాలయ సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాం.