గిన్నెలో బాతులు

జాగీర్లు రద్దయిన మరుసటేడు, తాండూరు బజారులో కంసాలి కొలిమి ముందు పాత జాగీర్దారు దేవిడీ బేగం ఒక వెండి గిన్నె పెట్టింది.

"మా మామ చెప్పేటోడు, చీనా బాద్షా వెయ్యేండ్ల కింద కొలువులోళ్లకు ఇచ్చిన గిన్నె గిదని."

"పని చూస్తె నమ్మబుద్ధయితది, బేగంసాబ్. బాతుల ఈకలు ఒక్కొక్కటి చెక్కి బంగారుపూత పెట్టిండ్రు. నాకు చేతకాదు."

"గిన్నెగనే కొనేటోళ్లు లేరా?"

"గిసొంటియి పట్నం దాక చూపిచ్చిన. కరిగిస్తెనే కొంటమన్నరు."

"ఇంట్ల జొన్నలు గూడ లేవు. కరిగియ్యి."

"మంచిది."

"జర ఆగు. నీళ్లు పోస్తె గీ బాతులు ఈదినట్టుంటయి. ఒక్కసారి పొయ్యి."

అతను పోశాడు. ఆమె గిన్నె మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ఇగ పారబోసి తుడువున్రి. తడి ఉంటే కరిగిచ్చేటప్పుడు చిందుతది."

"తుడిచిన."

"మల్ల తడిసింది, బేగంసాబ్."