మాట్లాడే కంప్యూటర్

ఇళ్లలో వాడుకునే కంప్యూటర్ల ప్రదర్శన. హాలు తలుపులు తెరవడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. బల్ల మీద కంప్యూటర్, బల్ల చుట్టూ నేలదాకా నీలం గుడ్డ. దాన్ని తయారుచేసినవాడూ, దానికి ప్రకటనలు రాసే అతని బావా గుసగుసలాడుకుంటున్నారు.

"మాట్లాడుతుందని ఎలా రాశావు బావా? దానికి నోరెక్కడిది?"

"ఎదుటి బల్లవాళ్లు తమ కంప్యూటర్ పాడుతుందని రాశారు. మనం ఊరుకుంటే కొంప మునుగుతుంది."

"నాలుగేళ్లు ప్రాణం పెట్టి చేశాను. ఒక్క లెక్క తప్పదు. ఆ మాట రాయొచ్చుగా?"

"పోయినసారి రాశాను. ఈగ కూడా వాలలేదు. ఈసారీ అంతే అయితే ఇవి తయారుచేసే మన షెడ్డుకి తాళమే. దూరు బల్ల కిందికి. ఎవరేం అడిగినా నువ్వే జవాబు చెప్పు."

"నేనా? ఛీ, సిగ్గులేదూ?"

"నీ కాళ్లు పట్టుకుంటానురా, దూరు."

"సరే... దూరాను. బావా! గుడ్డ సందులోంచి చూస్తే వాళ్ల బల్ల గుడ్డ కింద కాలివేళ్లు కనిపిస్తున్నాయి!"

"అమ్మ దొంగల్లారా!"

"పద, అందరి ముందూ ఆ గుడ్డ లాగేద్దాం!"

"లాగితే మనదీ లాగరూ?"

"మరేం చేద్దాం?"

"తలుపులు తీస్తున్నారు. నీ కాళ్లు బాగా ముడుచుకో."