కంప్యూటరుకి కంచె కట్టినాను

నవ్వకు రాజులమ్మా. నవ్వితే సెయ్యి కదులుతాది, సెయ్యి కదిల్తే ఈ డయాలసిస్ మిసను కూత పెడతాది, కూత పెడితే ఆ నర్సమ్మ ఒచ్చి నన్ను బయటికి పొమ్మంటాది. వారానికి మూడు మాట్లు ఊర్నించి పలాస ఒచ్చి, నాలుగేసి గంటలు ఈ ఇనప స్టూలు మీద కూసుంటే నడుం ఏటవుతాదో నీకేటి తెలుసు? నీకు మంచమేసినారు.

ఫైర్‌వాలంటే ఏటో తెలీకుండానే పెట్టించీసినాడు ముసిలోడు అనుకుంటన్నావు. అవునా, కాదా?

ఒలే, కంచె గురించి ఈ లోకనాథానికి సెప్పీవోడు ఉద్దానంలో ఇంకా పుట్లేదు! మన జీడితోట సుట్టూ ముళ్లకంచె కట్టింది ఎవులు? నాను. జీడిపిక్కలు రాలే కాలంలో ఒక్క సందు వొదిలి, ఆ సందుకి నులకమంచం అడ్డం ఏసుకుని పడుకున్నది ఎవులు? నాను. లోనకి రావాలంటే నా మీంచి దాటాలి. ఓ ఏసంకాలం మూడు ఎలుగుబంట్లు ఒచ్చినాయి. మూడు! తువ్వాలొకటి ఇసిరినాను, సముద్రం దాకా పరిగెట్టినాయి.

ఏటి?

సరే, రెండు.

కంప్యూటరుకైనా అంతే గదా. మన కూతురు రూప దాని ముందు కూసుని రోజంతా పని సేసుకుంటంది. దొంగలు పడితే పిల్ల పని పాడైపోదేటి? అందుకే ఫైర్‌వాలు ఎయ్యాలని నీకు సెప్పినాను. ఇంకోటి కూడా సెప్పినాను. విశాఖ ఆసుపత్రోళ్లు నా పరీచ్చల కాగితం అందులోకే పంపుతామన్నారు, అదింకా రాలేదు, దార్లో ఎక్కడో ఇరుక్కుంది, కంచె బాగుసేత్తే ఒత్తాది అని. నువ్వు 'ఊఁ' అన్నావు. అప్పుడే నన్ను నాలుగు తిట్టినా బాగుండీది.

ఆ పెట్టె బుజానేసుకుని కాశీబుగ్గ దాకా నడిసెల్లినాను తెలుసా, మిట్టమద్దినం...

సరే, ఆటోలోనే. బుజం మీదున్నమాట నిజం.

వాసు కొట్టుకే ఎల్లినాను. మన జగదాంబ కొడుకు, కంప్యూటర్లు బాగుసేత్తాడు. "మావా, ఉచితంగా దొరికేదే సూద్దామా?" అన్నాడు. ఉచితంగా కాకపోతే నా మొకం సూసి ఎవులైనా ఇంకేటి సూపిత్తారు? మూడు సూపించినాడు. మూడూ పరీచ్చ సేసినాను. ఆడికే సెమటలు పట్టీసినాయనుకో.

మొదటిది మన వరహాలమ్మ లాంటిది. అరుగు మీద కూసుని ఎల్లీవోణ్ణీ ఒచ్చీవోణ్ణీ ఆపుతాది సూడు, అలాగ. ఇది లోనకి రావొచ్చా? అది బయటికి ఎల్లొచ్చా? దీన్ని గుర్తెట్టుకోమంటావా? టీ సల్లారేలోపు పన్నెండు ప్రశ్నలు. కంచె కాపలా కాయమంటే, కాపలాదారుకే నిద్ర లేకుండా సేసింది.

రెండోది సూడ్డానికి పెళ్లికొడుకే. ఒక్కణ్ణి పిలిత్తే నలుగురు సుట్టాల్ని ఎంటబెట్టుకొచ్చింది! ఒకడు తెర నెత్తి మీద కూసున్నాడు, ఒకడు పేజీ తెరిసినప్పుడల్లా ముందుకొచ్చి దండం పెడతన్నాడు. "టిక్కులు తియ్యకుండా నొక్కీసినావు మావా, అందుకే" అన్నాడు వాసు. ఆలందర్నీ సాగనంపీసరికి సాయంత్రం అయింది.

మూడోది... అదే ఇసిత్రం. అది కొన్న రోజునించీ కంప్యూటర్లోనే ఉందట! ఎవులో ఆపీసి వొదిలీసినారట. "మావా, ఇంట్లో వాడుకునీదానికి ఇది సాలు. దీన్ని ఏసుకుని ఉంచు, ఎప్పటికప్పుడు అప్‌డేట్ అవనియ్యి. పైనించి ఏటీ అక్కర్లేదు" అన్నాడు. ఇంట్లో ఉన్నదాన్ని ఒగ్గేసి ఊరంతా తిరిగినాను. నాకది కొత్తేటి కాదులే.

అప్పుడు అడిగినాను. గొంతు బాగా తగ్గించి. నా గొంతు తగ్గడం నువ్వెప్పుడూ ఇన్లేదు గదా, ఆయేల తగ్గింది.

"వాసూ, దీంతోటి ఒక్కల్ని ఆపాలంటే ఎలాగరా?"

"ఏ ప్రోగ్రాముని మావా? పేరు సెప్పు."

"ప్రోగ్రాము కాదురా. మనిషి. కుర్సీలో కూసునీ మనిషి."

ఆడు నా మొకంలోకి సూసినాడు. "ఇది బయటోళ్లకి మావా. మీ ఇంట్లో కూసున్నోళ్లని ఏ ఫైర్‌వాలూ ఆపదు. అయినా మీ ఇంట్లో కూసునీది రూపే గదా?"

టీ అలాగే ఒగ్గీసి పెట్టె బుజానెత్తుకున్నాను.

ఎందుకు ఆపాలంటావా?

కొంచెం నీళ్లు తాగనియ్యి. స్టూలు ఊగుతంది.

కాగితం ఒచ్చింది రాజులమ్మా. పదకొండు రోజులయింది. రూప బజారుకెల్లినప్పుడు నానే తెరిసినాను. అంతా ఇంగ్లీసే. గానీ ఆ అంకె సదవడానికి నాకు ఏ బాసా అక్కర్లేదు. ఏడేళ్లనించి నీ కాగితాల్లో ముందు దాన్నే ఎతుకుతన్నాను. క్రియాటినిన్. నాలుగు పాయింటు ఒకటి. ఒకటి దగ్గిర ఉండాల్సింది.

నీది కాదు. నాది.

ఈ జబ్బు ఉద్దానంలో ఇంటింటికీ ఒచ్చింది గానీ నన్ను సూత్తే దానికి బయం అన్నాను, కాదేటి? కోటబొమ్మాళి పెళ్లిలో మైకు లాక్కుని మరీ అన్నాను: "మా ఆవిడికి కిడ్నీ నానిత్తాను, మిగిలినదాంతో ఇంకో వందేళ్లు బతుకుతాను!" ఎంత సప్పట్లు! నువ్వు తలొంచుకుని కొంగుతో కళ్లు తుడుసుకున్నావు. సప్పట్లు ఎప్పుడో మర్సిపోయినాను, ఆ కొంగే నన్ను తినీసింది ఈ పదకొండు రోజులూ.

సెరిపీడం నాకు రాదు. వాసుకి సెబితే సదివీత్తాడు. అందుకే, రూప కంట పడకుండా కంచె అనుకున్నాను. సందులో నానే అడ్డం పడుకోవచ్చనుకున్నాను.

పుట్టినకాడినించీ ఏ అంకైనా పెంచి సెప్పినోణ్ణి. దీన్ని మట్టుకు తగ్గించి సెబుదామని ఎన్నిమాట్లు నీ మంచం దగ్గిరికొచ్చినానో. మూడంటే? రెండంటే? నీ దుప్పటి సరిసేసి తిరిగొచ్చీసినాను.

ఇప్పుడు మట్టుకు ఎందుకు సెప్పినానంటావా?

పొద్దున్న ఆటో ఎక్కకముందు రూప అన్నం పెట్టింది గదా. మనింట్లో ఎప్పుడూ రెండు గిన్నెలు. ఉప్పు లేంది నీది, ఎండుసేపల పులుసు నాది. ఈయేల నా కంచంలో నీ గిన్నెలో కూర ఏసింది. తలెత్తి సూడ్లేదు. కాగితం పిల్ల సూసీసిందని అప్పుడే తెలిసింది నాకు.

ఉప్పు తగ్గితే కంచం వాకిట్లోకి ఇసిరినోణ్ణి నాను. మెతుకు మిగల్చకుండా తినీసినాను.

ఏటలా సూత్తన్నావు? తిట్టు. కిడ్నీ ఇత్తానని ఆశపెట్టి ఏమార్సినాడని తిట్టు. ఊరుకుంటే ఎలాగే? ఆ సెయ్యి కదపకు, కూత పెడతాది. ఈ సెయ్యి... ఊఁ, ఈ సెయ్యి పరవాలేదు. పట్టుకో.

ఏటి? ఎలుగుబంట్లా? ఇప్పుడెందుకే ఎలుగుబంట్ల సంగతి?

సరే. ఒకటే. అదీ పిల్ల. నన్ను సూసి కాదు, తల్లి అరిసిందని ఎల్లిపోయింది. నాను మంచం మీద కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాను.

నీకింకా గంటన్నర ఉంది. పడుకో. నానెక్కడికెల్తాను?

పోనీలే, రేపట్నించి రూపకి ఒక గిన్నె తోముకోడం తప్పింది.